లోడవుతోంది

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి భార్య గుమ్మం దాటింది. ఎనిమిదీ ముప్పై ఒకటికి అతను స్క్రూడ్రైవరు బయటికి తీశాడు.

ఆ ఒక్క నిమిషం కోసం అతను నాలుగు రోజులుగా కాచుకుని ఉన్నాడు. మంగళవారం పోస్టులో వచ్చిన చిన్న పొట్లాన్ని బూట్ల పెట్టెలో, ఎడమ బూటు లోపలికి తోసి దాచాడు. అందులో ఉన్నది బిస్కెట్టంత నల్లటి పలక. దాని అడుగున నూట అరవై ఎనిమిది బంగారు రంగు సూదులు. పాత కంప్యూటరులో వేసే ప్రాసెసరు. ఇప్పుడు ఇంట్లో ఉన్నదానికంటే ఇది మూడు రెట్లు వేగంగా పనిచేస్తుందని అమ్మినవాడు హామీ ఇచ్చాడు.

అతను నీటి మీటర్ల ఆఫీసులో పనిచేస్తాడు. తిరగని మీటర్లను తిరిగేలా చేయడం అక్కడ ఉద్యోగం. తిరుగుతున్నవాటిని విప్పడం ఇంట్లో అలవాటు. ఏ పని చూసినా "పది నిమిషాల పని" అంటాడు. వంటింటి కుళాయికి వాషరు మార్చడం పది నిమిషాల పని అన్నాడు. రెండు రోజులు పక్కింటి నుంచి బకెట్లు మోశారు. గోడ గడియారానికి నూనె వేయడం పది నిమిషాల పని అన్నాడు. ఇప్పుడు దానికి సెకన్ల ముల్లు ఒక్కటే తిరుగుతుంది. అప్పటినుంచి అత్తవారి వైపు చుట్టాలందరికీ అతని పేరు 'పదినిమిషాలు'. ఫోను చేసినప్పుడు "పదినిమిషాలు బాగున్నాడా?" అనే అడుగుతారు.

ఈసారి మాత్రం అతని ఉద్దేశం చాలా మంచిది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

భార్యది ఎంబ్రాయిడరీ పని. వెనక గదిలో ఒక పెద్ద కుట్టు మెషిను, దానికి పది అడుగుల కేబులుతో కట్టేసినట్టు ఒక ముసలి కంప్యూటరు. డిజైన్లన్నీ ఆ కంప్యూటరులోనే ఉంటాయి, ఇంకెక్కడా లేవు. ఒక్కో బొమ్మ కుట్టే ముందు ప్రతిసారీ అది లెక్కలు కట్టుకుని కుట్లను మెషినుకి పంపాలి. అందుకు సరిగ్గా పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ పద్దెనిమిది నిమిషాలూ గది తలుపు మూసి ఉంటుంది. తలుపు మీద ఎర్ర గుడ్డకి తెల్ల దారంతో కుట్టిన బోర్డు వేలాడుతుంది: 'లోడవుతోంది. తలుపు కొట్టవద్దు.'

పదిహేనేళ్ళుగా అతను ఆ బోర్డు చూస్తున్నాడు. పాపం, ఆ గదిలో ఒంటరిగా, పాకుతున్న గీతను చూస్తూ, రోజుకి ఏడెనిమిదిసార్లు ఎంత విసిగిపోతోందో అని చాలాసార్లు జాలిపడ్డాడు. ఈసారి జాలితో ఊరుకోకుండా పొట్లం తెప్పించాడు.

"పన్నెండింటికల్లా వచ్చేస్తాను" అంది భార్య, చెప్పులు వేసుకుంటూ. "బ్యాండు మాస్టారి కోట్లు ఇంకా ఆరున్నాయి. వెండి దారం తెచ్చుకుంటే గానీ అవి ముందుకి కదలవు. నాలుగింటికి ఆయన వస్తారు. ఆరింటికి వాళ్ళ కచేరీ. ముప్పై మందిలో ఆరుగురు జేబు మీద బొమ్మ లేకుండా నిలబడితే ఆయన నన్ను బతకనివ్వరు."

"నువ్వు నింపాదిగా వెళ్ళిరా."

భార్య ఆగింది. "ఎందుకు?"

"ఎందుకేమిటి? నింపాదిగా వెళ్ళమంటే కూడా తప్పేనా?"

"మీరు నింపాదిగా వెళ్ళమన్న రోజే కుళాయి విప్పారు. ఇదిగో, చెప్తున్నా. గది ఊడవొద్దు, దుమ్ము దులపొద్దు, నాకు సాయం చేయొద్దు. పేపరు చదువుకోండి."

"సరే" అన్నాడు. పేపరు కూడా పట్టుకున్నాడు.

ముందుగదిలో అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పేపరులో గళ్ళ పజిలు నింపుతున్నారు. స్క్రూడ్రైవరు పట్టుకుని వెళుతున్న అల్లుడిని కళ్ళజోడు పైనుంచి చూశారు.

"అల్లుడుగారూ, ఎటు?"

"చిన్న పని అత్తయ్యగారూ. పది నిమిషాలు."

అత్తగారు పెన్నుకి మూత పెట్టి, పజిలు పక్కన పడేశారు. ఇంట్లో ఇంతకంటే పెద్ద పజిలు మొదలవుతోందని ఆవిడకి అర్థమైపోయింది. వెనకే గదిలోకి వచ్చి కుర్చీ వేసుకున్నారు.

"చెప్తే వినరు కాబట్టి వద్దని చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. ఆ పువ్వు జోలికి వెళ్ళకండి."

కంప్యూటరు ముందు భాగంలో, స్విచ్చు పక్కన, ఉబ్బెత్తుగా కుట్టిన పసుపుపచ్చటి పొద్దుతిరుగుడు పువ్వు అంటించి ఉంది. భార్యకి అది అలవాటే. టీవీ రిమోటు మీద గులాబీ ఉంటుంది, ఫ్రిజ్ పిడికి ద్రాక్షగుత్తి ఉంటుంది.

"పువ్వుతో నాకేం పని అత్తయ్యగారూ? ఇది టెక్నికల్ వ్యవహారం."

"అదే నేనూ చెప్తున్నా" అన్నారు అత్తగారు.

లోపల చీకటిగా ఉండడంతో అతను టేబుల్ ల్యాంపు తెచ్చాడు. కంప్యూటరుకి, మెషినుకి పోగా గోడకి మిగిలిన ఒక్క ప్లగ్గులో అత్తగారి ఫోను ఛార్జింగు అవుతోంది. అది పీకి ల్యాంపు పెట్టాడు. ఆ ఫోను మరో పావుగంటకి నిశ్శబ్దంగా కన్నుమూసింది. ఆ సంగతి ఎవరూ చూడలేదు.

నెట్‌లో దొరికిన సూచనలను ఆఫీసు ప్రింటరు మీద తీసుకొచ్చాడు. మొత్తం పద్నాలుగు పేజీలు. అతను సూచనలు చదివే పద్ధతి ఒకటుంది. ఒక వాక్యం చదువుతాడు, చేస్తాడు, తర్వాత రెండోది చదువుతాడు. ఎనిమిదో పేజీ ఆఖరి వాక్యం 'మదర్‌బోర్డు మీది బ్యాటరీని తీసేయండి' అంది. తీసేశాడు. తొమ్మిదో పేజీ మొదటి వాక్యం ఇలా మొదలైంది: 'అయితే దానికంటే ముందు...'

"ఏమైంది?" అన్నారు అత్తగారు.

"ఏం లేదు. ముందేదో రాసుకోమంటున్నాడు. తర్వాత చూద్దాం."

పాత ప్రాసెసరు దాని గుంటలో పదిహేనేళ్ళుగా కదలకుండా కూర్చుంది. గోళ్ళతో రాలేదు. స్క్రూడ్రైవరుతో రాలేదు. వంటింట్లోంచి చెంచా తెచ్చి, కాడతో ఒక మూల ఎత్తాడు. ఇంకో మూల ఎత్తాడు. మూడో మూల ఎత్తేసరికి అది టప్పుమని లేచి, అతని చెవి పక్కనుంచి దూసుకుపోయి, మెషిను కిందకి ఎక్కడికో వెళ్ళిపోయింది.

"పోనీయండి, దాంతో ఇక పని లేదుగా" అని కొత్తదాన్ని గుంటలో పెట్టి బొటనవేళ్ళతో నొక్కాడు. కరకరమని కూర్చుంది. స్విచ్చు వేశాడు.

ఒక సెకను ఫ్యాను తిరిగింది. రెండో సెకను తెర నల్లగా ఉంది. మూడో సెకనుకి కొత్త ప్రాసెసరు నడుమ నుంచి సన్నటి పొగ, కాగితం మీద గీత గీసినట్టు, తిన్నగా పైకి లేచింది.

అతను ప్లగ్గు పీకేశాడు. గదంతా కాలిన రబ్బరు వాసన.

"ఇలా రావాలా?" అడిగారు అత్తగారు.

పద్నాలుగో పేజీలో, అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది: 'మీ బోర్డు అయిదు వోల్టులదైతే ఈ ప్రాసెసరును వాడవద్దు.' అతను గడియారం చూసుకున్నాడు. పొట్లం విప్పి తొమ్మిది నిమిషాలైంది. జీవితంలో మొదటిసారి అనుకున్న టైముకంటే ముందే పని ముగిసిపోయింది.

"అత్తయ్యగారూ" అన్నాడు. "ఆ పాతది ఎక్కడ పడిందో చూశారా?"

"చూశాను. మెషిను కింద." అత్తగారు లేచి, వంగి చూడడానికి రెండడుగులు వేశారు. మూడో అడుగు కింద చిన్న చప్పుడైంది. ఆవిడ చెప్పు ఎత్తి చూశారు. "కింద కాదు, పక్కన."

పాత ప్రాసెసరుని వెలుగులో పట్టుకున్నాడు. సూదుల వరసల్లో, ఒక మూల, నాలుగు సూదులు పడుకుని ఉన్నాయి. అందులో ఒకటి మరీ వాలిపోయి, ముట్టుకుంటే ఊడేలా ఉంది. అతనికి ముప్పైమంది వాద్యగాళ్ళు కళ్ళముందు కనిపించారు. వాళ్ళ వెనకే భార్య కనిపించింది. ముప్పైమందీ నయమనిపించింది.

"వీటిని సన్నటి చేతులతో, భూతద్దం పెట్టి, ఒక్కొక్కటే నిలబెట్టాలి. ఒకటి విరిగినా కథ ముగిసినట్టే" అన్నాడు. "అలాంటి చేతులు ఎవరికుంటాయి?"

అత్తగారు తన పళ్ళసెట్టుని నాలుకతో ఒకసారి సర్దుకున్నారు. "మీ స్నేహితుడికి" అన్నారు.

వీధి చివర పళ్ళ డాక్టరు అతనికి చిన్నప్పటి స్నేహితుడు. ప్రాసెసరుని జేబులో వేసుకుంటే మిగతా సూదులు కూడా వంగుతాయి. మెత్తటి స్పాంజి ఉన్న డబ్బా కావాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. అత్తగారి పళ్ళసెట్టు పెట్టుకునే డబ్బా. సెట్టు ఆవిడ నోట్లోనే ఉంది కనుక డబ్బా ఖాళీ. కొలిచి చేయించినట్టు ప్రాసెసరు అందులో ఒదిగిపోయింది.

డబ్బాని రెండు చేతుల్లో పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఎదురింటి కింద లాండ్రీ నడిపే ఆవిడ ఇస్త్రీ ఆపి బయటికి వచ్చింది. ఆ డబ్బా ఎవరిదో వీధిలో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు.

"అన్నయ్యగారూ! ఏమైంది, అలా పరుగెడుతున్నారు?"

"అత్తయ్యగారు తొక్కేశారు. నాలుగు వంగిపోయాయి. ఒకటి ఊడేలా ఉంది" అన్నాడు ఆగకుండా. పదడుగులు పోయాక వెనక్కి తిరిగి, "మీ వదినకి మాత్రం చెప్పకండి!" అని కేకేశాడు.

చెప్పవద్దన్నాక ఇక ఆ విషయం ఎంత పెద్దదో ఆవిడకి తెలిసిపోయింది. అతను మలుపు తిరిగేలోపు ఆవిడ చెవి దగ్గర ఫోను ఉంది.

"వదినా, నువ్వేం కంగారు పడకు. మీ అమ్మగారు కిందపడ్డారట. నాలుగు పళ్ళు వంగిపోయాయట. మీ ఆయన డాక్టరు దగ్గరికి పరుగెత్తుతున్నారు. నీకు చెప్పొద్దన్నారు."

దారాల షాపులో వెండి దారం రీళ్ళు అప్పుడే సంచిలో పడ్డాయి. భార్య షాపు మెట్ల మీద నిలబడి తల్లికి ఫోను చేసింది. స్విచ్ ఆఫ్. భర్తకి చేసింది. అతను తెర మీద ఆమె పేరు చూసి, నుదురు తుడుచుకుని, ఫోనుని జేబులో లోపలికంటా తోసేశాడు. అలా మూడుసార్లు మోగి ఆగాక, పళ్ళు నాలుగే అన్న మాట ఆమె నమ్మడం మానేసింది.

పళ్ళ డాక్టరు గదిలో కుర్చీలో ఒక పేషెంటు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోట్లో దూది, మెడకి ప్లాస్టిక్ గుడ్డ, దవడకి అప్పుడే మత్తు సూది.

"ఒరేయ్, అర్జెంటు!" అని డబ్బా ముందుకి చాపాడు.

"అత్తగారి సెట్టు మళ్ళీ విరిగిందా?" అంటూ డాక్టరు మూత తీశాడు.  నుదుటి మీది భూతద్దాలు కళ్ళ మీదికి దించుకున్నాడు. "ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో నూట అరవై ఎనిమిది పళ్ళున్న పేషెంటు ఇదే మొదటిసారి రా. ఏంటిది?"

"మా ఆవిడ ఎంబ్రాయిడరీ కంప్యూటరుది. ఇది బతక్కపోతే ఇవాళ కుట్టాల్సిన కోట్లు కుట్టడం జరగదు. ఆరు కోట్లురా! నాలుగింటికి ఇవ్వాలి. ఆ బ్యాండు మాస్టారు మామూలు మనిషి కాదట, చంపేస్తాడట!"

కుర్చీలోని పేషెంటు "ఆఁ!" అన్నాడు.

"మత్తు ఎక్కలేదా?" అడిగాడు డాక్టరు.

"ఆఁ! ఆఁ!" అంటూ పేషెంటు లేచి కూర్చుని తన ఛాతీ మీద వేలుతో పొడుచుకున్నాడు. తర్వాత గాల్లో చేతులూపి లేని వాద్యబృందాన్ని నడిపించాడు. తర్వాత జేబు ఉండాల్సిన చోట చూపించాడు. అంతా అయ్యాక, అతనికేసి చూసిన చూపుకి మాత్రం అనువాదం అక్కర్లేదు.

"మాస్టారూ!" అన్నాడు పదినిమిషాలు, గోడకి అతుక్కుపోయి. "భయపడకండి. ఇది పది నిమిషాల పని."

పనికి పట్టింది ముప్పావుగంట. డాక్టరు సన్నటి కొక్కెం తీసుకుని, ఊపిరి బిగబట్టి, సూదుల్ని ఒక్కొక్కటే నిలబెట్టాడు. బ్యాండు మాస్టారు కుర్చీ ఖాళీ చేసి, డాక్టరు భుజం మీదుగా వంగి లైటు పట్టుకున్నారు. ఊడేలా ఉన్న సూది దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ కలిసి ఊపిరి ఆపారు. సూది నెమ్మదిగా లేచి నిలబడింది. నిలబడే ఉంది.

"వారం రోజులు గట్టివి నమలనీయకు" అన్నాడు డాక్టరు, డబ్బా మూస్తూ. "మాస్టారూ, మీ పన్ను సంగతి?"

మాస్టారు అప్పటికే గుమ్మం దాటారు. మెడకి ప్లాస్టిక్ గుడ్డతోనే, డబ్బాకి కాపలాగా, అతని వెనకే ఇంటికి వచ్చేశారు. లాండ్రీ ఆవిడ అదీ చూసింది. ఇంకో ఫోను చేసింది. "ఇంకెవరికో కూడా దెబ్బ తగిలింది వదినా!"

ఇంటికి రాగానే ప్రాసెసరుని గుంటలో పెట్టి, బ్యాటరీ బిగించి, కళ్ళు మూసుకుని స్విచ్చు వేశాడు. కళ్ళు తెరిచేసరికి తెర వెలిగింది. మాస్టారు చప్పట్లు కొట్టారు. అత్తగారు "బతికాం" అన్నారు.

అప్పుడు తెర మీద ఒక వాక్యం వచ్చింది. హార్డ్‌డిస్కు లేదు.

"ఎక్కడికి పోయింది?" అన్నారు అత్తగారు. "ఎదురుగా ఉందిగా!"

అతను తొమ్మిదో పేజీ తీసి, ఈసారి వాక్యం మొత్తం చదివాడు. 'అయితే దానికంటే ముందు మీ హార్డ్‌డిస్కుకి సంబంధించిన మూడు అంకెలు రాసి పెట్టుకోండి. బ్యాటరీ తీస్తే కంప్యూటరు వాటిని మర్చిపోతుంది. ఇంత పాత బోర్డులు తమంతట తాము కనుక్కోలేవు.' డిస్కు పైన లేబులు మీద చూశాడు. అంకెలు ఎప్పుడో వెలిసిపోయి, కాగితం తెల్లటి ముఖంతో అతనికేసి చూసింది.

డిజైన్లన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. మాస్టారి కోట్ల జేబుల మీద కుట్టాల్సిన బొమ్మ, బాకా మీద వాలిన పిట్ట, కూడా అందులోనే ఉంది. మూడే మూడు అంకెలు. ముగ్గురూ కలిసి ఆ గదిని తలకిందులు చేశారు. దారాల డబ్బాలు, బిల్లుల కట్టలు, పాత డైరీలు, మెషిను కొన్ననాటి పుస్తకం. పన్నెండైంది. పన్నెండున్నరైంది. మాస్టారు ఒక్కోసారి చేతి గడియారం వైపు వేలు చూపించి "ఓఓ!" అంటున్నారు. ఒంటిగంటైంది. భార్య ఇంకా రాలేదు. రాకపోవడం మంచిదో చెడ్డదో తేల్చుకోలేక అతను నేల మీద కూలబడ్డాడు.

"అయిపోయింది అత్తయ్యగారూ. దానికేదో మేలు చేద్దామనుకున్నాను. పదిహేనేళ్ళ పని మొత్తం ముంచేశాను."

 అత్తగారు పైట కొంగుతో కళ్ళజోడు తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు.

"అంకెలు ఎక్కడున్నాయో నాకు తెలుసు" అన్నారు.

ఇద్దరు మగవాళ్ళూ ఒక్కసారే తలెత్తారు.

"పొద్దుట్నుంచీ తెలుసా?"

"తెలుసు. చెప్తే నా కూతురు నాతో మాట్లాడదు. చెప్పకపోతే మీతో మాట్లాడదు. ఏది మేలా అని ఆలోచిస్తున్నా." ఆవిడ నిట్టూర్చారు. "ఇది బిగించిన మెకానిక్కు ఆ రోజే చెప్పాడు, ఈ అంకెలు రాసుకోమ్మా, జాగ్రత్త అని. కాగితమైతే పోతుందని మా అమ్మాయి గుడ్డ మీద కుట్టేసింది. ఆ పువ్వు వెనక. తీయండి. కానీ పువ్వు కిందున్నదాన్ని మాత్రం చూడకండి."

అతను గోరుతో పొద్దుతిరుగుడు పువ్వు అంచు లేపాడు. చర్రుమని ఊడొచ్చింది. వెనక, ఎర్ర దారంతో, ముత్యాల్లాంటి మూడు అంకెలు: 989, 12, 35.

పువ్వు ఉన్న చోట చిన్న మీట ఉంది. దాని పక్కన వెలగని దీపం.

"చూడొద్దన్నానా" అన్నారు అత్తగారు.

చూడకుండా ఉండడమే కష్టమైతే, నొక్కకుండా ఉండడం అతని చేతకాదు. నొక్కాడు. దీపం పచ్చగా వెలిగింది. మూడు అంకెలూ కొట్టాడు. కంప్యూటరు గుర్రుమని, తన డిస్కు తనకి గుర్తొచ్చి, డిజైన్ల జాబితా తెర మీద పరిచింది. మాస్టారు అతన్ని కౌగిలించుకున్నారు. మెడలోని ప్లాస్టిక్ గుడ్డ ఇద్దరి మధ్యా నలిగింది.

నమ్మకం కుదరక, అతను బాకా మీది పిట్ట బొమ్మ ఎంచుకుని మెషినుకి పంపాడు. గీత పాకడం మొదలెట్టింది. పాకడం కాదు, నడిచింది. మీటర్లు చూసే మనిషి కాబట్టి అలవాటుగా గడియారం పట్టుకున్నాడు. నాలుగు నిమిషాలకి మెషిను 'కుట్టమంటావా' అన్నట్టు చిన్న గంట కొట్టింది.

"నాలుగా?" అన్నాడు. "మా వాడు సూదుల్ని నిలబెట్టడం వల్ల ఇంత తేడా వచ్చిందా?"

అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

అతను మీటకేసి చూశాడు. దీపంకేసి చూశాడు. తర్వాత తలుపుకి వేలాడుతున్న ఎర్రగుడ్డ బోర్డుకేసి చూశాడు.

"అత్తయ్యగారూ, ఈ మీట ఎప్పటినుంచి ఉంది?"

"కొన్న రోజు నుంచి."

"మరి..."

"అది వస్తుందిగా. అడగండి."

అది వచ్చింది. రెండింటికి పావుగంట తక్కువలో వీధి తలుపు ధడేలున తెరుచుకుంది. భార్య జుట్టు చెదిరి ఉంది, సంచి భుజం మీద కాదు, మెడలో ఉంది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తాళం వేసి ఉంది. అందరూ అక్కడే ఉంటారనుకుని, ఇంటికి రాకుండా ఊరవతలి పెద్దాసుపత్రికి వెళ్ళింది. పళ్ళు వంగిన ముసలావిడ ఎవరైనా వచ్చారా అని మూడు వార్డుల్లో అడిగింది.

"అమ్మా! నోరు తెరువు!"

"ఎందుకే?"

"తెరువమ్మా ముందు!"

అత్తగారు నోరు తెరిచారు. భార్య పైవరస, కిందివరస, చివరిదాకా చూసింది. భుజాలు, మోచేతులు, మోకాళ్ళు తడిమింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు తల్లి ఒళ్ళో తల పెట్టి, "ఏమీ కాలేదు... హమ్మయ్య, నీకేమీ కాలేదు" అని రెండు నిమిషాలు అలాగే ఉండిపోయింది. దాంతో పదినిమిషాలుకి కూడా కళ్ళు చెమర్చాయి. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ సంతోషం చల్లారకముందే అంతా ఒప్పేసుకోవచ్చు.

ఒప్పేసుకున్నాడు. పొట్లం, చెంచా, పొగ, చెప్పు, డబ్బా, డాక్టరు, ఏదీ దాచలేదు. చివర్లో, "ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. నాలుగే నిమిషాలు" అన్నాడు.

భార్య తలెత్తింది. గదిలోకి చూసింది. ఊడిన పువ్వు, పచ్చగా వెలుగుతున్న దీపం. ఆమె ముఖంలో కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. బడిలో కాపీ కొడుతూ దొరికిన పిల్ల ముఖం.

"అమ్మా, చెప్పేశావా?"

"నేనేం చెప్పలేదు. అంకెలు మాత్రం చెప్పా."

"పదిహేనేళ్ళు!" అన్నాడు అతను. "నువ్వు ఆ గదిలో కూర్చుని ఏడుస్తున్నావనుకున్నాను. ఆ పద్దెనిమిది నిమిషాలూ ఏం చేసేదానివి?"

"ఏమీ చేసేదాన్ని కాదు" అంది ఆమె.

"అంటే?"

"అదే. ఏమీ చేసేదాన్ని కాదు. కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. నా కళ్ళజోడేదీ అని ఎవరూ అడగరు. సాక్సు ఎక్కడున్నాయని అడగరు. ఇది విప్పాను, కాస్త ఇటు పట్టుకో అని పిలవరు. మెకానిక్కు ఈ మీట చూపించి, నొక్కితే తొందరగా అవుతుందమ్మా అన్నాడు. ఆయన వెళ్ళగానే బయటికి లాగేశా. మీ కళ్ళబడకుండా పువ్వు అంటించా."

"అప్పుడప్పుడూ నేనూ వెళ్ళేదాన్ని" అన్నారు అత్తగారు. "పేకాడేవాళ్ళం."

అతను అత్తగారినీ, భార్యనీ మార్చి మార్చి చూశాడు. తిట్టాలంటే తన చేతిలో కాలిన ప్రాసెసరు ఉంది. ఆమె తిట్టాలంటే ఆమె ఎదురుగా పువ్వు ఉంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"ఓఓఓ!" అన్నారు బ్యాండు మాస్టారు, చేతి గడియారం చూపిస్తూ. నవ్వులో ఆయన్ని అందరూ మర్చిపోయారు.

భార్య ఎగిరి లేచింది. రెండు దాటింది. ఆరు కోట్లు. ఒక్కో బొమ్మ కుట్టడానికి పావుగంట. లోడుకి పద్దెనిమిదైతే అయిదుంపావు దాటుతుంది. నాలుగైతే నాలుగింటికి అవుతుంది. ఆమె ఒక్క క్షణం మీటకేసి చూసి, అది నొక్కే ఉందని నిర్ధారించుకుంది.

"ఇవాళ్టికి మాత్రమే" అంది.

ఆ తర్వాత రెండు గంటలు ఆ ఇంట్లో ఎవరూ పిచ్చి మాట మాట్లాడలేదు. భార్య మెషిను దగ్గర, అత్తగారు దారాలు కత్తిరిస్తూ, మాస్టారు కోట్లు మడతపెడుతూ, పదినిమిషాలు మూలనున్న కుర్చీలో చేతులు కట్టుకుని. దేన్నీ ముట్టుకోకపోవడం అతనికి అప్పగించిన పని. దాన్ని ఒక్క తప్పూ లేకుండా చేశాడు. నాలుగింటికి రెండు నిమిషాలుండగా ఆరో కోటు జేబు మీద వెండి పిట్ట బాకా ఎక్కి కూర్చుంది.

కోట్లు చేతుల మీద వేసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాక మాస్టారి దవడకి మత్తు దిగింది. ఆ రోజు ఆయన నోటినుంచి మొదటిసారి తేటగా మాటొచ్చింది.

"అమ్మా, ఆ బోర్డు లాంటిది నాకూ ఒకటి కుట్టిపెట్టు. ముప్పై మందితో వేగలేకపోతున్నాను."

సాయంత్రం పదినిమిషాలు కంప్యూటరు మూత బిగించాడు. స్క్రూ ఒకటి మిగిలింది, దాన్ని గురించి మాట్లాడలేదు. మీటని తనే బయటికి లాగాడు. పచ్చదీపం ఆరిపోయింది. పొద్దుతిరుగుడు పువ్వుకి కొత్తగా జిగురు రాసి, వంకర లేకుండా అంటించి, ఎండేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య గుండెల నిండా గాలి పీల్చి వదిలింది.

"నిజంగా ఏం చేయకుండా కూర్చుంటారా?" అన్నాడు అతను. "ఎలా ఉంటుంది?"

"మీకు అర్థం కాదులెండి. మీ వల్ల కాదు."

ఆదివారం పొద్దున్న తలుపుకి బోర్డు వేలాడింది. లోపల ఈసారి కుర్చీలు మూడు. మొదటి అయిదు నిమిషాలు అతని వేళ్ళు విప్పడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతికాయి. పదో నిమిషానికి ఒళ్ళో పడుకున్నాయి. పదిహేనో నిమిషానికి అతను కూడా పడుకున్నాడు. అత్తగారు పేకముక్కలు చప్పుడు కాకుండా పంచారు.

సోమవారం నుంచి నీటి మీటర్ల ఆఫీసులో అతని కంప్యూటరు కూడా ఎందుకో బాగా నెమ్మదించింది.